ఐసు చొక్కా

నాగశ్రీకి, నీ మావ ఆశీస్సులతో రాసేది. నేనిక్కడ క్షేమం. నువ్వూ, కడుపులో బిడ్డా, అత్తా అక్కడ క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో అయితే అత్త పక్కనే కూర్చుని ప్రతి మాటా వింటుంది.

అన్నం వండుకుంటున్నావా అని అడిగావు. వండుతున్నాను గానీ, ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర్నుంచి వచ్చాక తినే ఓపిక ఉండటం లేదు. మజ్జిగ తాగి పడుకుంటున్నాను. అచ్యుతాపురంలో ఈ ఏడు ఉక్క మరీ ఘోరం. మబ్బు పడుతుంది, చినుకు రాలదు, చెమట ఆరదు.

నువ్వు కుట్టిచ్చిన ఐసు చొక్కా సంగతి పదేపదే అడుగుతున్నావు. చల్లగా ఉందనే చెప్పాను. అబద్ధం కాదు. జేబుల్లో పెట్టిన ఐసు పొట్లాలు కరిగేదాకా వీపు మీద చన్నీళ్లు పోసినట్టే ఉంటుంది. ఆ సంతోషంలోనే నోరు జారాను. నెలలు నిండుతున్న మనిషి, కాళ్ల వాపుతో మిషను తొక్కి కుట్టిందని సూపర్‌వైజరు దగ్గర గొప్పలు పోయాను.

మర్నాటి నుంచి, సేద తీరడానికి ఫ్యాన్ల గదిలో కాసేపు కూర్చునే నా వంతు వస్తే ఆయన ఆపేయడం మొదలుపెట్టాడు. “నీకేటోయ్, ఒంటి మీద ఐసుంది! నువ్వు నిల్సో, ఆళ్లు పోయొత్తారు.” ఐసు నీళ్లయ్యాక ఆ చొక్కా తడి గోనెసంచే. అయినా విప్పలేదు. విప్పితే నీ కష్టాన్ని తీసి పారేసినట్టు అనిపించేది.

ఇన్నాళ్లూ దాచింది ఇదే. మొన్నామధ్య ఫర్నేసు ముందే కళ్లు తిరిగి పడిపోయాను. నాతో పనిచేసే వీర్రాజు వెనక్కి లాగకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నెత్తిన నీళ్లు పోసి, తనే చొక్కా విప్పాడు. “సెల్లెమ్మ నిన్ను సల్లగుండమని కుట్టింది గానీ సచ్చిపొమ్మని కాదు బావా!” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

భయపడకు, డాక్టరు సెలైను పెట్టాడు, తేరుకున్నాను. చొక్కా మానేశాక నా వంతు నాకు వచ్చింది. అందరితో పాటు కూర్చుంటున్నాను.

పొత్తిళ్లకు నా పాత బట్ట ఏదైనా పంపమన్నావు కదా. ఆ చొక్కా లోపలి గుడ్డ విప్పి, ఉడకబెట్టి, ఆరేసి పంపుతున్నాను. నా చెమటకు నాని నాని బాగా మెత్తబడింది. బిడ్డను అందులోనే చుట్టు. నన్ను ఎంతైనా తిట్టు గానీ, ఇంకోటి మాత్రం కుట్టకు.

ఇట్లు,
నీ మావ
దొరబాబు