సూర్యుడి మీదికి నెట్టిన మాట

2003 అక్టోబరు 31, శుక్రవారం, రాజోలు

కువైట్ నుంచి ఈ శుక్రవారం మా ఆయన ఫోను రాలేదు. మధ్యాహ్నమంతా ఎస్టీడీ బూతు బల్ల మీదే కూర్చున్నాను. కువైట్‌లో ఆయనతో ఒకే గదిలో ఉండే వెంకట్రావు మాత్రం అదే బూతుకి ఫోను చేసి, భార్య లక్ష్మితో పావుగంట మాట్లాడాడు. నన్ను చూసి లక్ష్మి గొంతు తగ్గించింది. ఎందుకో?

ఇంటికొచ్చేసరికి మరిది రాంబాబు గుమ్మంలోనే ఎదురయ్యాడు. సూర్యుడిలో పెద్ద పేలుళ్ళట, ఉపగ్రహాలు తడబడుతున్నాయట, అందుకే అన్నయ్య లైను కలవలేదట. నేను నమ్మకపోతే నెట్ సెంటరుకి తీసుకెళ్ళి, అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు తీసిన ఫొటో చూపించాడు. సూర్యుడు ఆకుపచ్చగా ఉన్నాడు. ఫొటో నిండా తెల్లటి చుక్కలు. తెర మీద దుమ్మనుకుని పైటచెంగుతో తుడిచాను. పోలేదు. సెంటరు నడిపే సుజాతగారు నవ్వారు.

“ఎంత తుడిచినా పోవండీ. సూర్యుడి నుంచి ఎగిరొచ్చిన రేణువులు ఆ కెమెరాకే తగిలేయటండీ. రంగు మాత్రం వాళ్ళు వేసిందేనండీ.”

“చూసేరా వదినా, నేను అబద్ధం చెప్తానా?” అన్నాడు రాంబాబు.

సరే, పేలుడు నిజమే. మరి అదే గదిలోంచి లక్ష్మికి ఫోనెలా వచ్చింది? సూర్యుడు మనిషిని చూసి లైను కోస్తాడా? ఆయనకి ఒంట్లో బాగోలేదా, పని పోయిందా, లేక...

ఇంకొకటి ఇప్పుడే తట్టింది. గుమ్మంలో రాంబాబు పేలుళ్ళ సంగతి ఎత్తేసరికి, ఫోను రాలేదని నేనింకా ఎవరికీ చెప్పనే లేదు.