ఒక్క సీటు బండి

12 జూన్ 1978, సోమవారం

ట్రాక్టర్ ఇంటికొచ్చింది. భాగీరథి హారతిచ్చి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. శంకరప్పను డ్రైవర్‌గా పెట్టుకున్నాను. చెయ్యి మంచిది, నోరే కొంచెం ఎక్కువ. అందరి ముందే ఆర్డర్ చెప్పేశాను. దీనికి ఒక్క సీటు, ఒక్కడే కూర్చోవాలి, మడ్‌గార్డు మీద ఇంకో మనిషి కనబడితే ఆ రోజే నిన్ను దింపేస్తాను అని.

జహీరాబాద్ మొత్తంల మడ్‌గార్డు ఖాళీగ పొయ్యే ట్రాక్టర్ యాడనన్న చూసినవా అప్పా అని శంకరప్ప నవ్వాడు. నా పెళ్ళాం భాగీరథి అందుకుంది. ఈయన సైకిల్‌కు క్యారియరే పీకేసిండు, లగ్గమైన సంది నన్ను ఒక్కపారి ఎక్కించుకోలే, ఇగ ట్రాక్టర్ ఎక్కిస్తడా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకని అడుగుతారు.

19 జూన్

బజారులో నాకు పేరు పెట్టారట. ఒక్క సీటు మాణికప్ప.

3 జూలై, మధ్యాహ్నం

వాన. అల్లం చేలోకి దిగడానికి లేదు. రేకుల షెడ్డు కింద ట్రాక్టర్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. చూరు నుంచి బానెట్ మీద చినుకులు పడుతున్నాయి. టక్, టక్. లేచి బయటికి పోయి తడుస్తూ నిలబడ్డాను. యాభై ఆరేళ్ళ మనిషిని, మతి పోయిందా అని భాగీరథి కేకేసింది.

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడన్నా రాస్తాను.

1944, బర్మా యుద్ధం, అరకాన్. నేను ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు బాగుచేసే ఫిట్టర్‌ని. మా హరికేన్ యుద్ధవిమానాలకు ఒక్క సీటే. కానీ విమానం ఇంకో చోటి రన్‌వేకు పోతే దాన్ని చూసుకునే ఫిట్టర్ కూడా పోవాలి. రోడ్లు లేవు. అందుకని పైలట్ వెనకాల రేడియో పెట్టె తీసేసి ఆ బొక్కలో మమ్మల్ని కూర్చోబెట్టేవారు. రూల్సులో లేదు, కానీ అందరూ చేసేదే. మోకాళ్ళు గడ్డానికి ఆనేవి. తలుపు బయటి నుంచి బిగించేవారు. పారాచూట్‌కు చోటుండేది కాదు.

మా పైలట్ బక్షీ సాబ్. నాకంటే చిన్నవాడు. మంచివాడే కానీ ముక్కు మీద కోపం. పని నచ్చకపోతే తిట్టడు, విమానం రెక్క మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోతాడు. ఆ దెబ్బంటే మా అందరికీ హడల్.

ఆయన సీటుకూ నాకూ మధ్య ఇనుప పలక. నేను స్పానర్‌తో రెండు దెబ్బలు కొడితే బాగున్నారా అని. ఆయన టార్చితో రెండు కొడితే బాగున్నాను అని. ఇంజన్ హోరులో చప్పుడు వినపడేది కాదు. పలక మీద అరచెయ్యి ఆనిస్తే తెలిసేది.

ఒక రోజు అలా పోతుంటే కింద నుంచి జపాన్ వాళ్ళు కాల్చారు. విమానం ఒక పక్కకు ఒరిగింది. పొగ వాసన. చీకట్లో నాకేమీ కనపడదు. రెండు కొట్టాను. చెయ్యి ఆనించాను. చాలాసేపటికి ఒక్క దెబ్బ వచ్చింది. రెండోది రాలేదు.

తర్వాత చక్రాలు దించకుండానే విమానం పొలంలో పొట్ట మీద దిగింది. సిపాయిలొచ్చి తలుపు విప్పేదాకా నేను కొడుతూనే ఉన్నాను. బక్షీ సాబ్ సీట్లోనే ఉన్నాడు. ప్రాణం లేదు. పారాచూట్ కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉంది. మా సార్జెంట్ దాన్ని చూసి, అకేలా హోతా తో కూద్ జాతా అన్నాడు. ఒంటరిగా ఉంటే దూకేవాడు. నిజమే. అంత ఎత్తులో దూకడానికి బోలెడు టైముంది. వెనకాల నేనున్నాను, నాకు పారాచూట్ లేదు.

ఆ ఒక్క దెబ్బ ఏమిటి? చెయ్యి లేవక ఆగిపోయిందా? లేక నా మీద కోపమా? చివరి నిమిషంలో నన్ను తిట్టుకుంటూ పోయాడా? ఇదొక్కటి తెలిస్తే చాలు నాకు. ఎవరిని అడగను.

9 ఆగస్టు

పెన్షన్ పని మీద సంగారెడ్డి పోయి సాయంత్రం బస్సు దిగేసరికి హైవే మీదే కబురు. మన ట్రాక్టర్ వాగులో పడ్డది, శంకరప్ప కాలు విరిగింది, దవాఖానలో ఉన్నాడు అని. ఇంటికి పరిగెత్తాను. భాగీరథి అరుగు మీద కూర్చుని ఉంది. ఒంటి నిండా బురద.

మొగుడంపల్లిలో వాళ్ళ అక్క బాలమణికి జ్వరమని తెలిసి, నేను లేనిది చూసి, మడ్‌గార్డు మీద ఎక్కిందట. నేనే బలవంతం చేసిన, వాడు వద్దు వద్దనే అన్నడు, వాన్ని ఏమనకు అని ఏడ్చింది. కల్వర్టు అంచు నానిపోయి ఉందట. ఒక చక్రం దిగి బండి వాగు వైపు ఒరిగింది. ఈమె బిగుసుకుపోయి శంకరప్ప భుజం పట్టుకుంది. వాడు బ్రేకు మీద నిలబడి, మెల్లగ దిగమ్మా, జర మెల్లగ అని చెప్పుకుంటూ ఈమె కాలు నేలకు ఆనేదాకా కదల్లేదు. ఆనిన తర్వాత బండి వాడితో సహా పోయింది.

వాడు దునికితే ఏం గాకపోతుండె, నా కోసమే ఆగిండు అన్నది.

సార్జెంట్ మాటే మళ్ళీ విన్నట్టయింది.

10 ఆగస్టు

దవాఖాన గేటు దాకా పోయి తిరిగొచ్చాను.

14 ఆగస్టు

ఈ రోజు లోపలికి పోయాను. కాలికి కట్టు, మొహంలో అదే నవ్వు. మాటిచ్చి తప్పిన, దింపేస్తవా అప్పా అని వాడే మొదలుపెట్టాడు. అదంతా పక్కన పెట్టి అడిగేశాను. ఎందుకు దూకలేదురా? ఆమెను ఏమనుకున్నావు అప్పుడు? నిజం చెప్పు అని.

అబద్ధమెందుకాడాలె అప్పా, దుంకుదామనే అనుకున్న, ఒక కాలు బయట వెట్టిన గూడ అన్నాడు. అమ్మ మీద మస్తు కోపమొచ్చింది, ఈమె ఎక్కకపోతే నేను గీపాటికి గట్టు మీద ఉందును గదా అని.

మంచం అంచున కూర్చున్నాను. తర్వాత ఏమైంది అని అడిగాను.

ఏమైతది, బ్రేకు మీది కాలు తీస్తే అమ్మ కిందికి పోతది, తియ్యలే, గంతే అన్నాడు. కోపం ఏమైంది మరి? అదెటు పోయిందో నాకేం ఎరుక, గిప్పుడు రమ్మన్నా వస్తలేదు అని నవ్వి, అమ్మ జొన్నరొట్టె పంపిందా అని అడిగాడు.

పంపింది. వాడు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. వాడు కారం ఎక్కువైందా అప్పా అన్నాడు, తింటున్నది వాడైతే.

15 ఆగస్టు

భాగీరథికి చెప్పాను. బక్షీ సాబ్ సంగతి, పలక సంగతి, అంతా. గంత బరువు ఒక్కనివే మోసినవా, నేను క్యారియర్ కోసం నిన్నెన్ని మాటలన్న అని నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఆమెకే కోపం వచ్చింది. ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివి అని రోజంతా మాట్లాడలేదు.

2 నవంబర్

శంకరప్ప కుంటుతున్నాడు కానీ నడుస్తున్నాడు. సైకిల్‌కు కొత్త క్యారియర్ వేయించాను. భాగీరథి ఎక్కి, గిదేంది గింత గట్టిగున్నది అని సణిగింది.

21 డిసెంబర్

అల్లం తవ్వకం మొదలైంది. శంకరప్ప మళ్ళీ సీటెక్కాడు. భాగీరథి ఒక మడ్‌గార్డు మీద, నేను ఇంకో దాని మీద. పట్టు కోసం సీటు వెనక రేకు మీద అరచెయ్యి ఆనించాను. నేను కొట్టలేదు.

ఇంజన్ హోరు. శంకరప్ప చేతులు రెండూ స్టీరింగ్ మీద ఉన్నాయి. భాగీరథి కొంగు సర్దుకుంటోంది.

అరచేతికి ఒక్క దెబ్బ తెలిసింది.

రెండోది.