బండోడి కొత్త బోను

తమ్ముడూ,

మన కుక్కగారి కొత్త బోను పదింటికల్లా తెస్తారు. సంతకం పెట్టే ముందు బండోణ్ణి అందులో నిలబెట్టి చూడు. తల వంచకుండా నిలబడాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. నాన్న వీడి వీపు దాకానే కొలిచి, తలకాయ సంగతి మర్చిపోయి పాతది తెచ్చాడు. పాపం, నాలుగేళ్లు మెడ వంచుకునే కాపురం చేశాడు వీడు.

అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు వాణ్ణి అందులో పెట్టు. మెడపట్టీ తీసెయ్, ఊచలకు తగులుకుంటుంది. గడియలు రెండూ వెయ్.

తోస్తే వెళ్లడు, బిస్కెట్లకు లొంగడు. "నాన్నొస్తున్నాడు, లోపలికి పద" అను. నాన్న మోకాలి ఆపరేషన్ అయ్యాక, మీదకి దూకకుండా అమ్మే అలా అలవాటు చేసింది. నాన్న వచ్చి, చెప్పులు విప్పి, తనే గడియ తీసేవాడు. నీకివన్నీ ఎలా తెలుస్తాయిలే, ఇంటికొస్తే కదా!

నాన్న పోయి నెలైంది. అమ్మ ఇప్పుడు ఆ మాట అనలేకపోతోంది. వాడు మాత్రం అది వింటే చాలు, పరుగున వెళ్లి కూర్చుని వీధి గుమ్మం వైపే చూస్తాడు. రోజూ వాడికి ఆ అబద్ధం చెప్పి ఆఫీసుకు పోతున్నా. ఇవాళ ఒక్కరోజు నువ్వు చెప్పు.

అక్క

మర్చిపోయా. తిరిగొచ్చి గడియ తీయగానే వాడు బయటికి రాడు. నీ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తాడు. కాస్త పక్కకి జరిగి చూసుకోనివ్వు.