కారు నేనే పట్టుకెళ్లాను

ఒరే శంకరం, కంగారు పడక కూచుని ఈ చీటీ చదువు. నీ పెద్ద కారు ఎవరూ ఎత్తుకుపోలేదు. నీ కూతురు అనూరాధని తీసుకుని రేసు ట్రాకుకు వెళ్తున్నాను, ఈరోజు కొత్తవాళ్లకు నేర్పుతారట. సాయంత్రం దాకా ఫోన్ చెయ్యకు, పిల్ల బెదురుతుంది. మొన్న కారు గేటుకు గీసిందని, లైసెన్సున్న పిల్లకు తాళాలివ్వడం మానేశావు. అప్పట్నుంచి పిల్ల స్టీరింగు ముట్టుకోవడానికే భయపడుతోంది.

"నాన్న ఏటంటాడో నానమ్మా" అంది.

"మీ నాన్న నా కొడుకే కదేటే, పద" అన్నాను.

ట్రాకువాళ్లు కారు ఖాళీగా తెమ్మన్నారు. అందులోని సామానంతా అరుగు మీద ఉంది. స్టెప్నీ కింద నువ్వు దాచిన కోవా డబ్బా నా సంచిలో ఉంది. షుగరు మనిషివి. కోడలికింకా చెప్పలేదు.

ఇంకో మాట. కారు మీద మళ్లీ గీత పడితే, అమ్మే పట్టుకెళ్లిందని అందరికీ చెప్పు. బాగా తోలితే మాత్రం గుర్తుంచుకుని అనూరాధ పేరే చెప్పు.