అక్క జీన్స్, నా కరపత్రం

ఏప్రిల్ 6, సాయంత్రం

ఏడు నెలల తర్వాత అక్క మొదటిసారి నన్ను ఒక వస్తువు తెమ్మంది. జీన్స్.

మందులు కాదు, ఫోన్ రీచార్జి కాదు. జీన్స్ ప్యాంటు. సరిగ్గా విన్నానా లేదా అని ఇంకోసారి అడిగాను. సెవుడొచ్చిందేట్రా అంది.

అక్కకి ఏమైందో ఈ నోటుబుక్కులో ఇప్పటిదాకా రాయలేదు. ఇవాళ రాస్తాను. మా రోజారమణి అక్క పరవాడలో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. సెప్టెంబరులో శాంపిల్ పట్టుకోడానికి ప్రొడక్షన్ బ్లాక్‌లోకి వెళ్ళింది. పాత హోస్ పైపు పగిలి మరుగుతున్న సాల్వెంట్ రసాయనం ఎడమకాలి మీద పడింది. తొడ నుంచి చీలమండ దాకా. రెండు ఆపరేషన్లు. కుడి తొడ మీది చర్మం తీసి ఎడమకాలికి అతికించారు. ఇప్పుడు ఆ కాలికి ప్రెషర్ గార్మెంట్ అని బిగుతైన మేజోడు ఉంటుంది. స్నానానికి తప్ప తీయకూడదు. అప్పట్నించి అక్క, నాన్నకి స్టీలు ప్లాంటు ఇచ్చిన ఈ ఉక్కునగరం క్వార్టర్లో నైటీల్లోనే ఉంటోంది. ఆసుపత్రికి తప్ప గేటు దాటలేదు.

ఇప్పుడు సిటీలో ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్ ఒకదానికి అప్లై చేసిందట. ఎవరికీ చెప్పకుండా. 27న ఇంటర్వ్యూ. చుడీదార్ వేసుకుపోవచ్చు కదా, ఈ ఉక్కపోతలో ప్యాంటేటి అని అమ్మ గోల. పల్చటి బట్ట కాలికి అతుక్కుంటే లోపలి గార్మెంట్ అచ్చు పడతాది, జీన్స్ కాలిని ఎవడూ రెండోసారి సూడ్డు అంది అక్క.

రెండు జతలు చాలంది. మూడు రకాలుగా వేసుకుంటుందట. ముదురు నీలం ఇంటర్వ్యూకి, తెల్ల షర్టుతో. లేతది సింహాచలానికి, కుర్తీతో. మూడోది ఊరికే. ఊరికే అంటే అన్నాను. ఊరికే అంటే ఊరికేరా అంది.

ఏప్రిల్ 7

గాజువాక షాపులో గోడ నిండా జీన్స్. అందులో సగం మోకాళ్ళ దగ్గర చిరిగినవి. మా నాన్న లుంగీ చిరగడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇక్కడ చిరుగుకి ఎక్కువ రేటు! నాకు ఒళ్ళు మండింది. ఇది గని కూలీల బట్ట, ఎవరిని దోచి ఎవరికి అమ్ముతున్నారో తెలుసా అని కౌంటర్ అమ్మాయిని అడిగేశాను. మొన్న చదివిన చిన్న పుస్తకంలో ఉంది అదంతా. బ్యాడ్జి మీద దేవి అని ఉంది. మొత్తం విని, అయితే గనికి ఎల్తన్నావేటి అన్నయ్యా, సైజు సెప్పు అంది.

పొద్దున్నించి నిలబడే ఉన్నావు, మీకు స్టూలు హక్కు కాదా అన్నాను. నాను కూకుంటే పైనున్న జీన్సు నువ్వు దింపుతావేటి అంది.

వేసుకునే మనిషిని తీసుకురా అంది. అక్క బిజీ అన్నాను. పాత జీన్స్ ఇరవయ్యెనిమిది, అదే ఇమ్మన్నాను. మనిషిని తేలేదు, కొలత తేలేదు, పుస్తకం మాత్రం తెచ్చావు అని పక్కమ్మాయితో నవ్వింది. సాగే బట్ట అయితే మెత్తగా ఉంటుందనిపించింది. స్కిన్నీ తీసుకున్నాను. వద్దని దేవి రెండుసార్లు చెప్పింది. వినలేదు.

ఏప్రిల్ 7, రాత్రి 7

మోకాలి దగ్గరే ఆగిపోయింది.

నైటీ కింద సగం ఎక్కిన జీన్స్‌తో మంచం మీద కూర్చుని అక్క నవ్వింది. ఒరే సుమంతూ, పిసకడానికి నాకు ఒక గార్మెంటు సాలదనా రెండోది తెచ్చావు అంది. నేనూ నవ్వాను. అమ్మ ఏడ్చింది. అమ్మ ఏడవగానే అక్క నవ్వు ఆగిపోయింది. గోడవైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 9

మళ్ళీ షాపుకి. దేవికి నిజం చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోయింది. ఎందుకు తగ్గాలి? సిగ్గుపడాల్సింది కంపెనీ కదా.

దేవి ఒక్క జోకు వెయ్యలేదు. మా పెదనాన్నకి బోటు ఇంజను పేలి సెయ్యి కాలిపోయింది, నాకు తెలీదేటి, ముందే సెప్పొచ్చు కదా అంది. జాలరిపేట అమ్మాయి. ఒక జీన్స్ తీసి లోపలిపక్క బయటికి తిప్పింది. కుట్లు చూపించింది. తొడల మధ్య వచ్చే కుట్టు రెండు మడతలు, తాడులా లావు. బయటిపక్క కుట్టు పల్చన, ఇస్త్రీ చేసి అణిచేస్తారు. కాలింది ఏ పక్క అంది. ఎక్కువగా బయటిపక్కే అన్నాను. అయితే నయం, రాసుకోదు అంది.

రెండు సైజులు పెద్దది తీసింది. స్ట్రెయిట్ ఫిట్, ముదురు నీలం, నడుము పైకి వచ్చేది. కిందకి ఉంటే వంగినప్పుడు షర్టు లేస్తాదంట. రెండోది లేత రంగు, వెడల్పు కాళ్ళది. నడుము లూజవుతుంది, టైలర్ చేత బిగుతు చేయించుకో, తొడలు మాత్రం ముట్టుకోనీకు అంది. సాగే జీన్స్ వాపసు తీసుకుంది. మేనేజర్ ఏదో అనబోతే, ట్యాగు ఊడలేదు కద సార్ అంది.

ఈ అమ్మాయి ఒక్క కరపత్రం కూడా చదవలేదు. రాసుకుంటున్నాను, అంతే.

ఏప్రిల్ 10

పట్టాయి!

అక్క గంటసేపు బీరువా అద్దం ముందు. తలుపు తీసి మమ్మల్ని పిలవడం, మళ్ళీ వేసుకోవడం. ముదురు జీన్స్, తెల్ల షర్టు. షర్టు లోపలికి దోపితే ఆఫీసరు, బయటికి వదిలితే స్టూడెంటు. లోపలికే అని తీర్పు. లేత జీన్స్ మీద పసుపు కుర్తీ. పక్క చీలికలు పొడుగ్గా ఉండాలి, లేకపోతే గోనెసంచి కట్టినట్టుంటాదట. మూడోదానికి నాన్న ప్లాంటు షర్టు తీసి, చేతులు మోచేతి దాకా మడిచి, బొత్తాలు విప్పి టీషర్టు మీద వేసుకుంది.

నాన్న పొద్దుటి ఎ-షిఫ్టు నుంచి అప్పుడే వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. నా సొక్కా నాకంటే నీకే బాగుందే అన్నాడు. హెల్మెట్ తీయడం మర్చిపోయి లోపలికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 12

నీలకంఠం గారిని కలిశాను. యూనియన్‌లో నేను గౌరవించే ఒకే ఒక్క మనిషి. 28న కార్మిక భద్రతా దినం, పరవాడలో గేటు మీటింగ్. కరపత్రం నన్నే రాయమన్నారు.

అక్క వస్తుంది, స్టేజి మీద కాలు చూపిస్తుంది అన్నాను. అడిగావా తమ్ముడూ అన్నారాయన. అడగక్కర్లేదు, మా అక్క నాలాంటిదే అన్నాను.

నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. రోజారమణి అని పేరు పెట్టి, తొడ నుంచి మొదలుపెట్టి, చర్మం ఎలా ఊడిందో, గాజుగుడ్డతో పాటు ఏం వచ్చిందో మొత్తం రాశాను. "ఈ కాలు చూడండి, ఇది మీ కంపెనీ సంతకం." చదువుతుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి.

ఏప్రిల్ 13

అక్కకి ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 15

నేను పనిచేసే జెరాక్స్ షాపులోనే వెయ్యి కాపీలు తీశాను. మొదటి యాభై ఇంకు అలికి పాడయ్యాయి. పాడైన కాగితాలు ఎప్పుడూ కింద షాపు టైలర్ తాతబాబుకే ఇస్తాను. ముక్కలు కోసి, వెనక తెల్లవైపు కొలతలు రాసి, బట్టలకి గుండుసూదితో గుచ్చుతాడు. ఇవాళా ఇచ్చాను. అక్క జీన్స్ కూడా ఇచ్చాను, నడుము పట్టమని.

మూడొందల కాపీలు పరవాడ వెళ్ళిపోయాయి. మిగతావి యూనియన్ ఆఫీసులో.

ఏప్రిల్ 19

రాయడానికి సిగ్గుగా ఉంది. కోపంగానూ ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

తాతబాబు దగ్గర్నించి జీన్స్ తెచ్చి అక్కకిచ్చాను. గుండుసూది తీసింది. చీటీ మీద నడుము 29, రోజారమణి. అటు తిప్పింది. నా కరపత్రంలో ముక్క. "రోజారమణి తొడ" దగ్గర మొదలై "గాజుగుడ్డతో పాటు" దగ్గర తెగింది.

చదివింది. మళ్ళీ చదివింది. బాగా రాశావురా అంది. నా కాలు నీకెవరిచ్చారు అంది.

నేను అరిచాను. ఎంతమంది కాలుతున్నారో తెలుసా, నువ్వు జీన్స్‌లో దాచుకుంటే వాళ్ళ సంగతేటి, ఇది నీ ఒక్కదాని కాలు కాదు అన్నాను. అవును, అన్నాను. ఆ మాట అన్నాను.

అక్క అరవలేదు. రేపు సింహాచలంలో సందనోత్సవం, అమ్మానాన్నా ఈపాటికి క్యూలో ఉండుంటారు అంది. ఆ కొండ మీద సామే ఏడాదంతా సందనం కప్పుకుంటాడు, ఒక్కరోజే నిజరూపం సూపిస్తాడు. ఆ రోజేదో ఆయనదే, నీదీ నాదీ కాదు. నా సందనం ఒలవడానికి నువ్వెవడివిరా అంది.

గజం దూరంలో కూర్చుంది. చీటీని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. 27న నానెక్కడికీ ఎల్లను అంది. ఆ ల్యాబులో ఎవడో ఒకడి జేబులో ఇది ఉండదా, ఇంటర్వ్యూలో నా మొహం సూత్తారా, ఇది సూత్తారా అంది.

జీన్స్ బీరువా అడుక్కి తోసేసింది.

ఏప్రిల్ 20

అమ్మ ప్రసాదం తెచ్చింది. అక్క తీసుకుంది. నాకు పెట్టమని అమ్మ ఆమె చేతికే ఇచ్చింది. అక్క దాన్ని టేబుల్ మీద పెట్టింది.

ఏప్రిల్ 21

మిగిలిన ఆరొందల యాభై కాపీలు యూనియన్ ఆఫీసు నుంచి మోసుకొచ్చాను. నీలకంఠం గారి మీద కూడా ఎగిరాను. మీరెందుకు ఆపలేదన్నాను. ఆయన టీ తాగుతూ, అడిగావా అని నాను అడిగాను కదా తమ్ముడూ అన్నారు.

నిజమే. అడిగారు.

ఏప్రిల్ 22

పరవాడ. టీ కొట్లు, బస్టాపు, షిఫ్టు వదిలే గేట్లు. పంచిన కరపత్రం వెనక్కి ఇమ్మని ప్రపంచంలో ఎవడైనా అడిగాడా? పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఎల్లారావని ఒక ట్యాంకర్ డ్రైవరు, దాంట్లో పకోడీ తిన్నాను బావా, నూనె మరకతో పరవాలేదా అన్నాడు. పరవాలేదన్నాను. తీసుకున్నాను.

సాయంత్రానికి నలభై ఒకటి దొరికాయి.

అసిరమ్మని ఒకామె, ఏదో కంపెనీలో ఊడుస్తుందట, ఇవ్వనంది. నాకు సదువు రాదు, మా పిల్ల సదివి ఇనిపించింది, నిన్నంతా అన్నం సయించలేదు అంది. మా అక్కే అమ్మా, ఆమెకిష్టం లేదు అన్నాను. ఆమె కొంగుముడి విప్పి కాగితం ఇచ్చేసింది. ఆ పిల్ల ఇప్పుడెలాగుంది అంది.

అందరూ కాలు గురించి అడిగారు. పిల్ల గురించి అడిగింది ఈమె ఒక్కతే. నేను? నేనూ అడగలేదు.

ఏప్రిల్ 23

నలభై రెండు కాగితాలూ అక్క ముందు పెట్టాను. మిగతావి దొరకలేదు అక్కా, దొరకవు కూడా, తప్పు నాదే అన్నాను. నీ కాలు నీదే అన్నాను. అసిరమ్మ అడిగింది చెప్పాను.

పకోడీ నూనె కాగితం రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇదొక్కటే వాసన బాగుంది అంది.

ఏప్రిల్ 24

పొద్దున్నే అక్క పెన్ను తెమ్మంది. కాలు గురించి రాశావు గానీ హోస్ గురించి ఒక్క లైనైనా రాశావేట్రా మొద్దూ అంది.

నిజంగా రాయలేదు. నాకు తెలియదు కూడా.

అక్క చెప్పింది, నేను రాశాను. హోస్ మార్చాల్సిన తేదీ ట్యాగు మీద ఉంటుంది. ఆ ట్యాగు మీద తేదీ దాటి పదకొండు నెలలు. శాంపిల్ పట్టేచోట షీల్డు లేదు. రసాయనం మీద పడితే కడుక్కోవాల్సిన సేఫ్టీ షవర్ ముందు డ్రమ్ములు పేర్చారు. ముగ్గురు రిజిస్టర్లో రాశారు, అక్క కూడా, రెండుసార్లు. ఒక్క విశేషణం పెట్టబోతే పెన్ను లాక్కుంది. నా పేరు వద్దు, ట్యాగు నంబరు రాయి అంది.

రెండు గంటల్లో కొత్త కరపత్రం. అందులో కన్నీళ్ళు లేవు. చదివితే నాకు భయమేసింది. ముందు రాసింది చదివినప్పుడు గర్వం కలిగింది.

సాయంత్రం అక్క బీరువా అడుగు నుంచి జీన్స్ తీసింది. ఇస్త్రీపెట్టె కావాలంది. నేనే ఇస్త్రీ చేశాను. కాలి మధ్యలో గీత పెట్టకు, ప్యాంటు కాదది జీన్స్ అని నా చెయ్యి మీద కొట్టింది.

ఏప్రిల్ 27

ముదురు నీలం, తెల్ల షర్టు లోపలికి, నల్ల బెల్టు. బస్టాపు దాకా అక్కే ముందు నడిచింది. నేను వెనక.

ఏడు నెలల గ్యాప్ ఎందుకని అడిగారట. డ్యూటీలో కాలింది, ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నాను అందట. ఆరు గంటలు నిలబడగలవా అన్నారట. నిలబడగలను, స్టూలు కూడా వెయ్యండి, టైట్రేషన్‌లో చుక్కలు లెక్కపెట్టడం కూర్చుంటేనే బాగా వస్తుంది అందట. ఒకాయన నవ్వాడట. ఒకాయన నవ్వలేదట.

ఏప్రిల్ 28

మీటింగ్. అక్క రాలేదు, నేను రమ్మనలేదు. ట్యాగు నంబరు చదివాను. చప్పట్లు తక్కువ. తర్వాత ఇద్దరు పక్కకి పిలిచి, వాళ్ళ బ్లాకుల్లో ట్యాగుల ఫోటోలు ఫోన్లో చూపించారు.

మే 2

వచ్చింది. నాలుగో తారీకు జాయినింగ్. నాన్న ఎవరికీ చెప్పకుండా స్వీట్లు కొని ప్లాంటులో పంచేశాడట. మాకు ఒక్కటీ తేలేదు.

మే 4

బస్టాపులో ఎండ. అక్క వంగి ఎడమకాలి జీన్స్ రెండు మడతలు పైకి మడిచింది. గార్మెంట్ కూడా కాస్త పైకి లాగింది. పక్కనున్నామె చూసింది. అక్క బస్సు వచ్చే వైపు చూసింది. కుడికాలు కూడా అంతే ఎత్తుకి మడిచి, సమానంగా ఉన్నాయా అని నన్ను అడిగింది.

ఉన్నాయి అన్నాను.

ఏం కనిపించిందో ఇక్కడ రాయను.