ఆరేళ్ల గౌను కొలత

జూన్ 12

చిరంజీవి మనవరాలికి, నువ్వు తెరిచిన ఆన్‌లైన్ దుకాణాన్ని మీ అమ్మ మూసేస్తానంటోంది, అందుకే రాస్తున్నాను. "ఆరేళ్ల పిల్లకు" అని పెట్టిన గౌను బిగుతైందని తిరిగొచ్చింది.

"మన పక్కింటి ఆరేళ్లదానికి వేసి చూసే కుట్టాను కదా అత్తయ్యా!" అంది మీ అమ్మ.

"కొన్నావిడ ఆ పుల్లముక్కను ఎప్పుడైనా చూసిందిటే?" అన్నాను.

టేపు చేతికిచ్చి, ఉన్న గౌన్లన్నిటి ఛాతీ, పొడవు అంగుళాల్లో కొలిపించి, ఆ కొలతలు ఆవిడకు పంపించాను. నిన్న ఆవిడే రెండు గౌన్లు అడిగింది. మీ అమ్మ మళ్లీ మిషను ముందు కూర్చుంది కానీ, "ఇంకొక్కటి తిరిగొస్తే మాత్రం మానేస్తా" అంటోంది.

నీకు నానమ్మ ఆశీస్సులు. ఇక జరగవలసినవి:

1. పద్నాలుగు గౌన్ల కొలతలు నీ ఫోనుకు పంపించాము. ఆదివారంలోగా ఫోటోల కింద చేర్చు.
2. వయసులు తీసెయ్యి.
3. కుట్టు బాగుందని నేనన్నట్టు మీ అమ్మతో చెప్పు. ఎదురుగా మెచ్చుకోవడం నాకు చేతకాదు.