ఒకే ఎత్తు భుజాలు

హోలీ ఐలండ్,
ఈస్టర్ ఆదివారం.

చిరంజీవి టోబీకి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరమూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వేళకు తింటూ, ఎవరి గొడవల్లోనూ తల దూర్చకుండా ఉన్నావని నమ్ముతున్నాను. ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు జైలు ఆఫీసులో ఒకాయన చదువుతాడు కాబట్టి ఆయనకు కూడా పండగ శుభాకాంక్షలు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు, కుడి భుజం వాచి ఉంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మమ్మ తుంటి బాగుపడింది. నోరు ఎప్పుడూ బాగానే ఉంది. కుక్క మీ నాన్న మాట వినడం మానేసింది, ముసలితనమని ఆయన సర్దిచెప్పుకుంటున్నాడు. గొర్రెలు ఈనే రోజులు కాబట్టి ఆయన ఈ సిలువ యాత్రకు రాలేదు. "ఆయనా గొర్రెల కాపరే కదే, అర్థం చేసుకుంటాడులే" అని దేవుణ్ణి తన జట్టులో కలిపేసుకున్నాడు.

ఇక ఆఖరి ప్రశ్న. జూన్‌లో వదిలిపెడితే మన ఊరికే రానా, ఇంకెక్కడైనా గది చూసుకోనా అని అడిగావు. దాని జవాబు చివర రాస్తాను. చిన్నప్పుడు కథల పుస్తకంలో ఆఖరి పేజీ ముందు తిప్పేవాడివి, ఇప్పుడలా చేయకు.

ఈ దీవికి రావడానికి ఈస్టర్ ముందరి పవిత్రవారం మొదట్లో హెక్సమ్‌లో బయల్దేరాం. పగలంతా పెద్ద కొయ్య సిలువను వంతులవారీగా మోసుకుంటూ నడక, రాత్రికి ఏదో ఒక చర్చి హాల్లో నేలమీద పడక. ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లు ఉల్లికాడల సూపు కాచి, అది లోకంలో తామే కనిపెట్టినట్టు పెట్టారు. మాలో కేథలిక్కులు, మెథడిస్టులు, ఏ చర్చీకీ వెళ్లనివాళ్లు, అందరూ ఉన్నారు. గురక దగ్గర మాత్రం అందరిదీ ఒకే మతం.

మా పెద్ద బాసిల్. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి, హెక్సమ్ వాడు. పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి భుజాలు చూస్తాడు. సిలువ అడ్డకొయ్య కింద ఇద్దరు, చివర ఒకరు. ముందున్న ఇద్దరూ ఒకే ఎత్తు ఉండి తీరాలి. "నీ పక్కన పొట్టివాణ్ణి పెట్టాననుకో, బరువంతా వాడిది, పుణ్యమంతా నీది" అంటాడు నాతో. నా పొడుగు నీకు తెలుసుగా. నాకు జోడీగా ఒక గడకర్రలాంటి కాలేజీ కుర్రాడు దొరికాడు. ఊలర్ చేరేసరికి అతని మడమలు బొబ్బలెక్కి, బస్సెక్కి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్న ఇంకొందరు వచ్చి కలిశారు. బాసిల్ వాళ్లలో ఒకామెను నా పక్కకు లాక్కొచ్చి భుజానికి భుజం ఆనించి చూశాడు.

"అబ్బ, అచ్చు గుద్దినట్టు సరిపోయారు! మీ ఇద్దర్నీ దేవుడే కలిపాడమ్మా!"

"ఆయనకు వేరే పనేం లేదా?" అందామె.

ఏవ్రిల్. మీ ఏడన్ వాళ్లమ్మ. ఆ రోజు నువ్వు నడిపిన కారులో నీ పక్కన కూర్చున్న ఏడన్ వాళ్లమ్మ. వాణ్ణి మట్టి చేసిన నాటినుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. తను దుకాణంలో ఉంటే నేను బయటే నిలబడతాను, వానైనా సరే. అదంతా బాసిల్‌కు తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు, తనూ చెప్పలేదు. ఇద్దరం వంగి సిలువ ఎత్తుకున్నాం.

లోవిక్ దాకా మా మాటలు ఇవే: "గుంట." "చూశాను." "గేటు." "ఊఁ." నిలువు కొయ్య మా మధ్యలో ఉంటుంది కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఆమె బూట్లు మాత్రం కనిపించేవి. అడుగు తప్పితే కొయ్య మెడకు కొడుతుంది, అందుకని పొద్దుగూకేసరికి ఏ లెక్కా పెట్టకుండానే కాళ్లు కలిసి పడ్డాయి.

శుక్రవారం సముద్రం ఆటుకు వెనక్కి తగ్గాక, ఈ దీవికి తేలిన ఇసుకదారి మీద పడ్డాం. బూట్లు మెళ్లో వేసుకుని వట్టికాళ్లతో నడవాలి. బురద ఎముకలు కొరికేంత చల్లన. ముందువాళ్లు పాట ఎత్తుకున్నారు. మేమిద్దరం పాడలేదు. సగం దారిలో కొయ్యకు అవతలినుంచి ఏవ్రిల్ అడిగింది.

"ఎప్పుడొస్తున్నాడు?"

"ఎవరు?" అన్నాను. ఏం తెలివో నాది.

"పోపుగారు! నీ కొడుకే, ఇంకెవరు?"

"జూన్‌లో."

"ఇంటికేనా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు" అన్నాను.

అది అబద్ధం, టోబీ. నేను అనుకునే వచ్చాను. నిన్ను రావద్దని రాయాలని. హెక్సమ్ నుంచి నడిచినంత దూరం ఆ మాటలే కూర్చుకుంటూ నడిచాను: "అక్కడే ఏదైనా పని చూసుకో నాన్నా, ఈ పల్లెలో ఏముంది" అని. నీ మేలు కోరి చెప్పినట్టే రాసేదాన్ని. నిజానికి నా కోసమే. నాకు సిగ్గు. దుకాణం బయట ఒక్కదాన్నే నిలబడటం అలవాటైంది, నిన్ను పక్కన పెట్టుకుని నిలబడలేననిపించింది. నువ్వంటే నాకు ప్రాణం. అయినా రావద్దనిపించింది. ఇవి రెండూ నిజమే, నీ దగ్గర దాచను.

"రమ్మను" అంది ఏవ్రిల్.

నా అడుగు తప్పింది. కొయ్య ఇద్దరి మెడలకూ తగిలింది. "ఆగకండమ్మా, పోటు మనకోసం ఆగదు!" అని బాసిల్ వెనకనుంచి కేకేశాడు. మళ్లీ కాళ్లు కలుపుకున్నాం.

"క్షమించేశానని సంబరపడకు" అందామె. "క్షమించలేదు. ఆ మాట అడగడానికి ఫాదరు వారం వారం వస్తున్నాడు, టీ తాగి పోతున్నాడు. నాకు కావాల్సింది వేరే."

"ఏంటి?"

"కోర్టులో అన్నీ చెప్పారు. కారు ఎంత జోరుగా పోయింది, రోడ్డెంత తడిగా ఉంది, అన్నీ. మా వాడు ఎలా ఉన్నాడో ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు ఊళ్లోవాళ్లు నన్ను చూస్తే వాడి పేరే మింగేస్తున్నారు, వాడు అసలు పుట్టనట్టు. ఆ సాయంత్రం వాడు నాతో పోట్లాడి వెళ్లాడు. అన్నం దగ్గర. కంచం వదిలేసి, తలుపు దడాల్న వేసి. నేనూ ఊరుకోలేదులే, పోతే పో అన్నాను."

ముందొక నీటి మడుగు అడ్డొచ్చింది, ఇద్దరం కలిసి పక్కకు జరిగాం.

"వాడికి కోపమొస్తే నోరు మూతపడిపోతుంది. కోపం పోయిందంటే మళ్లీ పాటే. కారెక్కితే రేడియోతో పోటీ, ఆ గాడిద గొంతుతో. నీ కొడుకును అడగాలి. ఆ రోజు దారిలో వాడు పాడాడా అని."

"నాకు తెలియదు ఏవ్రిల్."

"నీకు తెలియదని నాకు తెలుసు. నీ కొడుక్కి తెలుసు. నామీద జాలిపడి అబద్ధం చెప్పొద్దను. పాడకపోతే పాడలేదనే చెప్పమను."

ఆ అడుగులతోనే ఒడ్డు చేరాం. సిలువ దించాక ఆమె భుజం తడుముకుంది, నేనూ తడుముకున్నాను. ఈ పొద్దున సిలువ నిండా పసుపు డాఫడిల్ పూలు గుచ్చారు. ఏవ్రిల్ కొన్ని గుచ్చింది. తర్వాత బస్సుకు పోతూ నావైపు చూసి తల ఊపింది, అంతే.

కాబట్టి రా. స్టేషన్‌కు నాన్న వస్తాడు. మనింట్లోకి అడుగుపెట్టకముందే ఆమె ఇంటి తలుపు తట్టు. నేను తోడు వచ్చి గేటు దగ్గర నిలబడతాను, లోపలికి మాత్రం నువ్వే వెళ్లాలి. ఏడన్ పాడాడో లేదో నాకు రాయకు. ఫోనులో కూడా చెప్పకు. నేను అడిగినా చెప్పకు. మొదట వినాల్సింది ఆమె.

ఇట్లు,
జూన్ కోసం చూస్తూ,
మీ అమ్మ